షోరూం ఉద్యోగంలో చేరే ముందు మన పిల్లలు అడగవలసినవి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ప్లస్ టూ గాని డిగ్రీ గాని ముగించిన మన తెలుగు పిల్లలకు మొదట దొరికే పని సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి సిప్‌కాట్ ఫ్యాక్టరీలు, రెండోది షోరూంలు. ఫ్యాక్టరీ పని సంగతి ఇంట్లో పెద్దలకు కొంత తెలుసు. బట్టల షాపు, సెల్‌ఫోన్ షాపు, టీవీ-ఫ్రిజ్ షోరూం, సూపర్ మార్కెట్‌లో సేల్స్ పని గురించి తెలిసింది తక్కువ. "ఏ.సి.లో నిలబడి మాట్లాడే పనే కదా" అని పంపిస్తాము. ఆరు నెలల తరువాత కాళ్ళ వాపుతో, రావలసిన జీతం రాక, పిల్లలు మా సంఘానికి వచ్చి చెప్పే మాటలు విన్నాక ఈ వివరాలు రాయాలనిపించింది.

మన పిల్లలకు ఉన్న విలువ

కుప్పం వైపు నుంచి వచ్చిన కుటుంబంతో తెలుగు, మాలూరు నుంచి వచ్చినవారితో కన్నడం, ధర్మపురి వారితో తమిళం మాట్లాడగలిగిన పిల్లలు మన ఊళ్ళలోనే దొరుకుతారు. ఫ్యాక్టరీలకు వచ్చిన ఉత్తరాది కార్మికులతో కొంచెం హిందీ కూడా మాట్లాడతారు. అంగడికి వచ్చిన మనిషి తన భాష వినిపించగానే నిలబడి వింటాడు, వింటే కొంటాడు. యజమానులకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే మన పిల్లలను తీసుకుంటారు. జీతం మాట్లాడేటప్పుడు మాత్రం పిల్లలు ఈ మూడు భాషల సంగతి ఎత్తరు. చేరేటప్పుడే చెప్పి అడగాలని మా సలహా.

మీరు ఎవరి ఉద్యోగి?

షోరూంలో నిలబడినవారంతా ఆ షోరూం ఉద్యోగులు కారు. కొందరిని షాపు యజమాని నేరుగా తీసుకుంటాడు. కొందరు "ప్రమోటర్లు". సెల్‌ఫోన్, టీవీ, సౌందర్య సాధనాల కంపెనీ బొమ్మ ఉన్న టీ-షర్టు వేసుకుని, ఆ కంపెనీ సరుకే చూపించి అమ్ముతారు. వీరిలో చాలామందికి జీతం ఇచ్చేది షాపూ కాదు, కంపెనీ కూడా కాదు. మధ్యలో ఉన్న మ్యాన్‌పవర్ ఏజెన్సీ. దాని ఆఫీసు చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటుంది.

దీనివల్ల ఒక పిల్లవాడికి ముగ్గురు పెద్దలు తయారవుతారు. సెలవు కావాలంటే షాపు మేనేజరును అడగాలి, టార్గెట్ కంపెనీవాడు వేస్తాడు, జీతం ఏజెన్సీ వేయాలి. జీతం రాకపోతే ముగ్గురూ మరొకరిని చూపిస్తారు. ఏజెన్సీ మారిన నెలలో జీతం ఆగిపోయిందనే ఫిర్యాదు మేము ఎక్కువగా వింటున్నాము. కనుక మొదటి రోజే అడగవలసిన ప్రశ్న: "నా నియామక పత్రం మీద ఎవరి పేరు ఉంటుంది?" నోటి మాటతో చేరితే, తరువాత ఎవరి మీద ఫిర్యాదు రాయాలో కూడా తెలియదు.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పని మానేసినా, తీసేసినా రెండు పని దినాలలో లెక్క తేల్చాలి. జీతం ఇవ్వవలసినవారు ఇవ్వకపోతే, పని జరిగిన సంస్థ యజమాని దానికి బాధ్యుడని కూడా ఆ కోడ్ చెబుతోంది.

జీతం, ఇన్సెంటివ్, జరిమానా

ఇంటర్వ్యూలో చెప్పే మొత్తంలో తరచు ఇన్సెంటివ్ కూడా కలిపి ఉంటుంది. టార్గెట్ అందితేనే అది వస్తుంది. ఆడి మాసం తగ్గింపు అమ్మకాల్లో, దీపావళికి అందిన టార్గెట్ మార్గశిరంలో అందదు. కాబట్టి "ఒక్క సరుకు అమ్మకపోయినా నా చేతికి వచ్చేది ఎంత?" అని అడిగి, ఆ అంకెనే జీతంగా లెక్క వేసుకోవాలి. అది ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కంటే తగ్గకూడదు.

సరుకు పోయిందనో, ఆలస్యంగా వచ్చారనో జీతం కోసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. జరిమానా వేసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ జరిమానా నెల జీతంలో 3 శాతం మించరాదు.

నెల వేతనం రూ. 21,000 లోపు ఉండి, సంస్థ ఇ.ఎస్.ఐ. కిందికి వస్తే, ఉద్యోగి నుంచి 0.75 శాతం పట్టి, యజమాని 3.25 శాతం కట్టాలి. పే స్లిప్‌లో పట్టినట్టు చూపించి, ఇ.ఎస్.ఐ. నంబరు మాత్రం ఇవ్వకపోతే వెంటనే అడగాలి. జ్వరం వచ్చిన రోజున అడిగి లాభం లేదు.

కూర్చునే హక్కు

2010లో వసంతబాలన్ తీసిన "అంగాడి తెరు" సినిమా తెలుగులో "షాపింగ్ మాల్" పేరుతో వచ్చింది. మన తెలుగు అమ్మాయి అంజలి నటించింది. చెన్నై బట్టల షాపులో రోజంతా నిలబడే పిల్లల బతుకు అందులో చూశాము. కేరళలో కోళిక్కోడ్ మిఠాయి తెరువు అంగళ్ళలో పనిచేసే స్త్రీలు కూర్చునే హక్కు కోసం సంఘం కట్టి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. తమిళనాడు శాసనసభలో అలాంటి బిల్లును 2021 సెప్టెంబరు 6న ప్రవేశపెట్టారు. 1947 నాటి తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టంలో 22-ఎ అనే సెక్షన్ చేరింది. దాని ప్రకారం ప్రతి దుకాణంలో ఉద్యోగులందరికీ తగిన ఆసనాలు ఉండాలి, పనిలో వీలు దొరికినప్పుడు కూర్చోనివ్వాలి.

అదే చట్టంలో తెలుసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి:

- రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. ఓవర్‌టైం కలిపినా రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు దాటరాదు. ఓవర్‌టైంకు రెట్టింపు వేతనం.
- 4 గంటల పని తరువాత కనీసం ఒక గంట విశ్రాంతి. వారానికి ఒక రోజు సెలవు.
- ఒక సంవత్సరం పని చేశాక 12 రోజుల వేతన సెలవు.
- ఆరు నెలలు పనిచేసినవారిని, తప్పు రుజువు కాకుండా, ఒక నెల నోటీసు గాని ఆ నెల జీతం గాని ఇవ్వకుండా తీసివేయరాదు.

కుర్చీ వేసి ఉన్నా దాని మీద కూర్చోవడానికి భయపడుతున్నామని అమ్మాయిలు చెబుతారు. కూర్చుంటే "కస్టమర్ చూస్తే ఏమనుకుంటారు" అంటారట. ఆ కస్టమర్లము మనమే. అంగట్లో పిల్ల కూర్చుని కనబడితే తప్పుగా చూడకుండా ఉండడం మన చేతిలో ఉంది.

అత్తిబెలె దాటితే

హోసూరులో ఉంటూ బెంగళూరు మాల్‌లలో పనికి వెళ్ళే పిల్లలూ ఉన్నారు. పైన చెప్పిన 1947 చట్టం తమిళనాడులోని దుకాణాలకే. అత్తిబెలె దాటి పనిచేస్తే 1961 నాటి కర్ణాటక చట్టం వర్తిస్తుంది. అక్కడ రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు. కనీస వేతనం కూడా వేరు. మీరు ఉండే ఊరు ఏదని చూడరు, పని చేసే చోటే లెక్క. ఫిర్యాదు కూడా అక్కడి కార్మికశాఖకే ఇవ్వాలి. జీతం ఎక్కువని అక్కడికి వెళ్ళేవారు బస్సు ఖర్చు, రాత్రి తిరుగు ప్రయాణం కూడా లెక్కలో వేసుకోవాలి.

దాచవలసిన కాగితాలు

నియామక పత్రం, పే స్లిప్పులు, బ్యాంకు పాసుబుక్కు, గుర్తింపు కార్డు నకలు, టార్గెట్ గురించి వచ్చిన వాట్సాప్ సందేశాలు, ఇవి ఒక కవరులో ఉండాలి. వచ్చిన వేళ, పోయిన వేళ చిన్న నోటుబుక్కులో రోజూ రాసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి, నకలు ఇవ్వండి.

మన పిల్లల్లో చాలామంది తమిళం గడగడా మాట్లాడతారు, ఆఫీసు తమిళంలో అర్జీ రాయమంటే మాత్రం తడబడతారు. ఆ సిగ్గుతో రెండు నెలల జీతం వదులుకున్నవారున్నారు. అలా వదులుకోవద్దు. కాగితాల కవరుతో సంఘానికి రండి. అర్థం తెలుగులో చెబుతాము, అర్జీ తమిళంలో రాసి ఇస్తాము, అవసరమైతే కృష్ణగిరి కార్మికశాఖ కార్యాలయానికి తోడుగా వస్తాము. చేరకముందే నియామక పత్రం తెచ్చి చూపిస్తే ఇంకా మంచిది.