చదువుకు పది పైసలు

పాల ధర వెన్న శాతంపైన, ఇతర ఘన పదార్థాలపైన ఆధారపడుతుంది. ఆ చీటీ చదివి లెక్క సరిచూసుకోగల బిడ్డ ఇంట ఉంటే పాడి రైతు మోసపోడు. చదువు విలువ అక్కడి నుంచే మొదలు.

2009 విద్యాహక్కు చట్టం ఉచిత విద్యకు హామీ ఇచ్చింది 14 ఏళ్ల వరకే. ఆపైన పుస్తకాలు, బస్సు చార్జీల దగ్గరే పేదపిల్లల చదువు ఆగిపోతుంది.

విజయవాడ వన్ టౌన్‌లో ఎస్.కె.పి.వి.వి. హిందూ హైస్కూల్స్ కమిటీ పాఠశాలలతో ఆగక, 1960లలో కాకరపర్తి భావనారాయణ కళాశాలను నెలకొల్పింది. పల్లెలో పాలసంఘం తన శక్తి మేరకు చేయవచ్చు.

రోజుకు 200 లీటర్లు సేకరించే సంఘం లీటరుకు 10 పైసలు తీసిపెడితే ఏడాదికి రూ. 7,300. మహాజన సభలో తీర్మానించి, ఎంపిక నియమాలు వ్రాసుకొని, వేరుగా జమాఖర్చులు ఉంచవలసిందిగా సభ్య సంఘాలకు మనవి.