మన వాడకూ ఒక చెట్ల పండుగ

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, ఊరూరా పలుగూ పారా బయటికొస్తాయి. ఫ్లెక్సీ కడతారు. పెద్దమనుషులు వచ్చి ఒక్క మొక్క మీద పది చేతులు వేసి ఫొటో దిగుతారు. మళ్ళీ ఏడాది అదే చోట, అదే గుంతలో, ఇంకో మొక్క!

వనమహోత్సవం మనకు కొత్తదేమీ కాదు. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు. తెలంగాణలో 2015లో హరితహారం వచ్చింది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టమైతే ఊరూరా నర్సరీ ఉండాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా చెప్పింది. శాతం సరే, రోహిణి కార్తెలో మన సందు చివరి మొక్కకి బిందెడు నీళ్ళు మోసేదెవరన్నది చట్టం చెప్పే సంగతి కాదు. అది వాడలో వాళ్ళు తేల్చుకోవలసిందే. అందుకే ఈ పండుగేదో మనమే, మన వాడ వరకే చేసుకుంటే ఎలా ఉంటుంది?

నేలకొండపల్లినే తీసుకోండి. రామదాసు పుట్టిన ఊరు. ఊరి పక్కనే బౌద్ధ స్తూపం. అడవి అంటే భద్రాచలం వైపు వెళ్ళాలి గానీ ఇక్కడ చుట్టూ పొలాలే. ఇలాంటి ఊళ్ళో ఇళ్ళ మధ్య నీడ కావాలంటే ఎవరో ఒకరు నాటి పెంచాల్సిందే.

పెంచి చూపించిన మనిషి ఇదే జిల్లాలో ఉన్నారు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య. మనందరికీ వనజీవి రామయ్య. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న బోర్డు వేసుకుని, బండి మీద మొక్కలు, జేబుల్లో గింజలు పెట్టుకుని తిరిగారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఆయన పక్కన జానమ్మ గారు లేకపోతే ఇంత పని జరిగేదా అని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆయన దగ్గర మనం నేర్చుకోదగ్గది మొక్కల లెక్క కాదు. గింజ దగ్గర మొదలుపెట్టడం.

గింజలతోనే మొదలు

కాబట్టి పండుగ ఒక్కరోజు పెట్టుకోకండి. నేరేడు పళ్ళు వచ్చే రోజుల్లోనే పిల్లలకి పని చెప్పండి. పళ్ళు తినాలి, గింజలు డబ్బాలో వెయ్యాలి. ఇంతకన్నా తేలికైన హోంవర్కు ఉంటుందా? నేరేడు, వేప, ఇప్ప గింజలకు ఓపిక తక్కువ. ఎండబెట్టి దాచుదామంటే కుదరదు, కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది. రాలినవి రాలినట్టే మట్టిలో పెట్టాలి. చింతగింజ అలా కాదు, డబ్బాలో ఏడాదైనా ఉంటుంది. రాత్రి నానబెట్టి పొద్దున పాతితే సరి. ఖాళీ పాల ప్యాకెట్లకి అడుగున చిల్లులు పొడిచి, మట్టి, పశువుల ఎరువు కలిపి నింపితే ఇంటింటికీ ఒక చిన్న నర్సరీ. ఇవి నాటడానికి వచ్చేది పై ఏడు. ఈ ఏటికి పంచాయతీ నర్సరీలో అడిగి నడుమెత్తు మొక్కలు తెచ్చుకోండి. జానెడు మొక్క తెస్తే మేకకి ఒక్క ముద్దే.

విత్తన బంతుల సరదా కూడా ఉంది కదా అంటారేమో. గుట్టల మీద వేయడానికి బాగుంటాయి. సిమెంటు రోడ్ల వాడలో విసిరితే తుడిచిపారేయడమే.

ఏ మొక్క అన్నది ముందే మాట్లాడుకోవాలి. తొందరగా పచ్చగా కనిపిస్తుందని ఊళ్ళల్లో రోడ్ల మధ్య కోనోకార్పస్ నాటారు. తర్వాత అది వద్దని అధికారులే చెప్పాల్సి వచ్చింది.  కరెంటు తీగల కింద వేప, రావి పెడితే లైన్‌మన్ ఏటా నరుకుతాడు, మనం ఏటా తిడతాం. అక్కడ పారిజాతం, నందివర్ధనం చాలు. కానుగ, వేప, నేరేడు బడి ఆవరణలోకో, గుడి ముందు ఖాళీ స్థలంలోకో వెళ్ళాలి.

ఇక తంగేడు. మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మకు అదే ముందు వరస. అలాంటిది ఇప్పుడు సంచుల లెక్కన బజార్లో కొంటున్నాం. ఒకప్పుడు ఊరు దాటగానే బీళ్ళల్లో విరగబూసేది. బీళ్ళు ప్లాట్లయ్యాయి. కంచె పొడవునా, చెరువు గట్టున తంగేడు గింజలు నానబెట్టి చల్లి చూడండి. మేకలు దాని జోలికి రావు. నీళ్ళ కోసం ఏడవదు. ఇంత మంచి మొక్కని పట్టించుకోనిది మనమే.

పండుగనాడు ఏం చేద్దాం?

ఆషాఢంలో ఒక ఆదివారం చూసుకోండి. మైకులు, శాలువాలు వద్దు. శాలువా డబ్బుతో పది కంప కంచెలు వస్తాయి.

పొద్దున్నే వాడలో ఉన్న పాత చెట్లన్నింటినీ పిల్లలతో చుట్టిరండి. ఒక్కో చెట్టు మొదలును నాలుగున్నర అడుగుల ఎత్తున తాడుతో చుట్టి కొలిపించి, ఒక నోటుబుక్కులో రాయించండి. ఏటా అదే బుక్కు. వెంట ఒక అమ్మమ్మనో నాయనమ్మనో తప్పకుండా తీసుకెళ్ళండి. ఇక్కడ బావి ఉండేది, బావి మీద మర్రి ఉండేది అంటూ ఆమె మొదలుపెడుతుంది. పోయిన చెట్లు కూడా ఆ బుక్కులో ఎక్కాలి. ఓపిక ఉంటే స్తూపం దాకా నడవండి. బుద్ధుడికి జ్ఞానం కలిగింది రావిచెట్టు కిందే కదా, ఆ సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి చోటేముంది?

జమ్మి కథ కూడా చెప్పాలి. దసరానాడు ఆకు తెంపి బంగారమని చేతుల్లో పెట్టుకునే జమ్మి, రాజస్థాన్‌లో ఖేజ్రీ అని పిలిచే చెట్టు ఒకటే. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఖేజర్లీ ఊళ్ళో ఆ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే బిష్ణోయి ఇల్లాలు చెట్టును వాటేసుకుని ప్రాణం విడిచింది. ఆమెతో కలిపి 363 మంది పోయారని అక్కడివాళ్ళు ఏటా తలుచుకుంటారు. ఈ కథ విన్న పిల్లవాడు పండుగనాడు జమ్మి కొమ్మ మొత్తం విరిచేస్తాడా? ఆకు మాత్రమే తెంపుతాడు.

మధ్యాహ్నం మోదుగాకులతో విస్తరి కుట్టే పోటీ పెట్టండి. ముసలమ్మలు గెలుస్తారు, కోడళ్ళు ఓడతారు, ఎవరికీ బాధ ఉండదు. కుట్టిన విస్తళ్ళలోనే భోజనం. తలా ఒక వంట తెచ్చుకుంటే సరిపోతుంది. వేసవిలో ఎండబెట్టుకున్న చింతచిగురు ఉంటే పప్పులో వేయండి. థర్మాకోల్ ప్లేట్లు మాత్రం ఆ దరిదాపుల్లో కనిపించకూడదు.

నాటడం సాయంత్రం, ఎండ తగ్గాక. గుంత అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు. పాలిథిన్ కవరు బ్లేడుతో చీల్చి తీసేయాలి. హడావుడిలో కవరుతో సహా పాతేసేవాళ్ళు ఎందరో! కర్ర పాతి, పాత చీర పేలికతో వదులుగా కట్టండి. తీగతో కడితే కాండంలోకి కోసుకుపోతుంది. చుట్టూ తుమ్మకంప. మేకలున్న ఇంటామెను పండుగకి ముందు పిలవాలి, మొక్కలు మేసిన తర్వాత తగాదాకి కాదు. ఆమె పిల్లలకే రెండు మొక్కలు అప్పగించండి.

అసలు పండుగ మేలో

మొక్కకొక ఇల్లు అని రాసుకోండి. ఇల్లు అంటే ఇంటావిడ అని కాదు, ఇది గట్టిగా చెప్పాలి. నాటేటప్పుడు ఫొటోలో నిలబడిన మగవాళ్ళకీ నీళ్ళ వంతు ఉండాలి. సోమవారం ఆయన, గురువారం అబ్బాయి. లేకపోతే ఇంటి నీళ్ళు, వంట నీళ్ళు మోసిన చేతులకే చెట్టు నీళ్ళు కూడా పడతాయి. రెండు నెలలయ్యాక మొక్క ఎండిపోతే, ‘మీ ఆడవాళ్ళు మొదలుపెట్టిందే కదా’ అంటారు.

నీళ్ళు తక్కువైన చోట ఒక కిటుకు ఉంది. అడుగున చిన్న చిల్లి పెట్టి అందులో గుడ్డ వత్తి దూర్చిన మట్టికుండను మొక్క పక్కన మెడ దాకా పాతండి. నింపి మూత పెడితే చుక్కచుక్కగా వేరుకి అందుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగినవి అన్నీ పనికొస్తాయి. సబ్బు నీళ్ళు పొయ్యకండి.

ఉగాది దాటాక నెలకొకసారి నోటుబుక్కు పట్టుకుని వాడంతా తిరిగి లెక్క చూడండి. ఎన్ని నాటాం, ఎన్ని ఉన్నాయి, పోయినవి ఎందుకు పోయాయి. దాచకుండా రాయండి. ఎండిన గుంతల్లో పై ఏడు పెట్టడానికి, పాల ప్యాకెట్లలో మనం మొలిపించిన నేరేళ్ళు అప్పటికి సిద్ధంగా ఉంటాయి.