వార్తల్లో పదం: ఈఎస్‌ఏ లెటర్

అమెరికాలో అద్దె ఇల్లు వెతికే తెలుగువాళ్లకు ‘నో పెట్స్’ షరతు కొత్త కాదు. తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు లాంటి మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు పెంచుకునే కుక్కో పిల్లో ఊరటనిస్తుంటే, ఆ షరతు నుంచి మినహాయింపు కోరడానికి చూపించేదే ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ లెటర్. లైసెన్సు ఉన్న వైద్యులు, థెరపిస్టులు దీన్ని రాసిస్తారు. అందులో జబ్బు పేరు రాయనక్కర్లేదు. వైకల్యం ఉందని, ఆ జంతువు అవసరమని ఉంటే చాలు.

దీనికి ఆధారం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం. వైకల్యం ఉన్నవారికి రక్షణ 1988 సవరణతో వచ్చింది. ఇది దయాదాక్షిణ్యం కాదు, హక్కు. అయితే యజమాని తానూ ఉంటున్న చిన్న ఇళ్లకు ఈ చట్టం చాలావరకు వర్తించదు. జంతువు చేసిన నష్టానికి అద్దెదారే బాధ్యుడు. విమానాల్లోనైతే 2021 నుంచి ఈ లేఖను ఎయిర్‌లైన్స్ ఒప్పుకోనవసరం లేదు.

బాధ కలిగించేది నకిలీల బెడద. డబ్బు కట్టగానే ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల వల్ల నిజంగా అవసరమైనవాళ్లనూ అనుమానిస్తున్నారు. అందుకే కాలిఫోర్నియా 2022 నుంచి కుక్కల విషయంలో, లేఖ ఇచ్చే ముందు రాసిచ్చేవారికి, రోగికి మధ్య కనీసం 30 రోజుల పరిచయం ఉండాలంది. ఇలాంటి జంతువులకు ప్రభుత్వ రిజిస్ట్రీ అంటూ ఏదీ లేదు. రిజిస్ట్రేషన్ పేరుతో అమ్మే కార్డులు కొనకండి, మీకు చికిత్స చేస్తున్న వైద్యుణ్నే అడగండి.