చెరువు చేపకు గాజుతొట్టి సరిపోతుందా?

భీమవరం: భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల్లో చేపల చెరువులకు కొదవ లేదు. వేలెడంత బొచ్చె, శీలావతి, రూప్‌చంద్ పిల్లలు ఇక్కడ సులువుగా లభిస్తాయి. వాటినే ఇంట్లో అక్వేరియంలో వేసి పెంచుకుంటే బాగుంటుందన్న ఆలోచన రావడం సహజమే. పిల్లలుగా ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది కనిపించదు. కానీ ఈ జాతులేవీ గాజుతొట్టిలో జీవితకాలం మనగలిగేవి కావు.

పిల్లగా వేలెడు.. పెరిగితే బారెడు

మేత సక్రమంగా అందే చెరువులో బొచ్చె, శీలావతి ఏడాదికి కిలో వరకు తూగుతాయి. పూర్తిగా ఎదిగిన బొచ్చె మీటరు పొడవు దాటగలదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన రూప్‌చంద్ రెండడుగులు మించుతుంది. అక్వేరియం దుకాణాల్లో ‘షార్క్’ పేరిట అమ్మే వెండిరంగు పిల్ల నిజానికి మన రైతులు సాగు చేసే ఫంగసియస్ చేపే. అదీ మీటరుకు పైగా పెరిగే జాతి. అలంకారానికి పెంచే కోయి కార్ప్ సైతం రెండడుగులకు చేరగలదు.

లెక్క చూస్తే..

ఇళ్ళలో సాధారణంగా కనిపించే తొట్టి పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగు. అంచుల దాకా నింపినా 56 లీటర్లకు మించి నీరు పట్టదు. అదే ఒక హెక్టారు చెరువులో ఒకటిన్నర మీటర్ల నీరుంటే కోటీ 50 లక్షల లీటర్లు అవుతుంది. అందులో 5,000 పిల్లలను వదిలినా ఒక్కో చేప వాటాకు 3,000 లీటర్లు వస్తుంది. అడుగుకు మించి పెరిగిన చేప అడుగు వెడల్పు తొట్టిలో చక్కగా మళ్ళడానికి కూడా వీలుండదు. బెదిరినప్పుడు గాజుకు కొట్టుకుని గాయపడుతుంది, మూత లేకుంటే బయటకు దూకుతుంది.

నీరే విషమవుతుంది

చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తుంది. మేలుచేసే సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, ఆపై అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెద్ద చేప ఎక్కువగా తింటుంది, ఎక్కువగా విసర్జిస్తుంది. కొద్దిపాటి నీటిలో ఆ భారాన్ని చిన్న ఫిల్టరు మోయలేదు. పైగా నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు ఉంటే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు పడిపోతుంది. వేసవిలో కరెంటు పోయి గాలి పంపు ఆగితే ముందుగా ప్రాణం విడిచేది పెద్ద చేపలే.

అపోహ వద్దు

తొట్టి ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. ఇందులో నిజమెంతో చేపల రైతులకు బాగా తెలుసు. వారు పిల్లలను ఇరుకు చెరువులో ఒత్తుగా ఉంచి, మేత తగ్గించి, నెలల తరబడి ఎదగనీయకుండా చూస్తారు. అనంతరం పెద్ద చెరువులోకి మార్చగానే అవి వేగంగా పెరుగుతాయి. అంటే ఇరుకులో చేప సరిపెట్టుకోలేదు, దాని ఎదుగుదలను అడ్డుకున్నారు, అంతే. తొట్టిలోని చేపకు మాత్రం ఆ పెద్ద చెరువు ఎన్నటికీ రాదు.

కాలువలో వదలరాదు

పెరిగిన చేపను ఏం చేయాలో తోచక పంట కాలువలోనో, కొల్లేరులోనో వదిలిపెట్టడం మరింత ప్రమాదకరం. అక్వేరియంల కోసం దిగుమతి అయిన డెవిల్ ఫిష్ ఈ విధంగానే సహజ జలాల్లోకి చేరి, నేడు మత్స్యకారుల వలలను చింపుతోంది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరుకు పరాయి జాతుల బెడద తగదు. అటువంటి చేపను తెలిసిన చెరువు రైతుకో, అమ్మిన దుకాణానికో అప్పగించడం ఉత్తమం.

ఏవి పెంచవచ్చు?

రెండడుగుల తొట్టికి గప్పీ, ప్లాటీ, జీబ్రా డానియో వంటి చిన్న చేపలు అనువైనవి. పెద్ద చేపలపై మక్కువ ఉన్నవారు పెరట్లో మూడు, నాలుగు అడుగుల లోతున, కొన్ని వేల లీటర్లు పట్టే సిమెంటు తొట్టి కట్టించి, తగిన ఫిల్టరు అమర్చి, కోయిలను పెంచుకోవచ్చు. కొనే ముందు ‘ఇప్పుడెంత ఉంది?’ అని గాక ‘ఎంత పెరుగుతుంది?’ అని అడగడం మేలు.