ప్రాణము నిలుపు మందు - మూత్రపిండములకు ముప్పు

రాచపుండు అను మాట వినినంతనే ఇంటిల్లపాదికిని గుండె జారిపోవును. ఆ వ్యాధికి నేడు వాడుచున్న ఔషధములలో ప్లాటినమను లోహమునుండి తయారగు సిస్‌ప్లాటిన్ ముఖ్యమైనది. అది యెందరినో బ్రదికించినది. ఎందరి మూత్రపిండములనో దెబ్బతీసినది కూడ. రోగి బంధువులు మొదటి విషయమును విని రెండవదానిని పెడచెవిని పెట్టుట కలదు. కావుననే యీ నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

ఈ పదార్థమును 19వ శతాబ్ది మధ్యకాలమున పెయిరోనె అను ఇటలీ దేశీయుడు తయారుచేసెను. నూరేండ్లకు పైగా దాని వైద్యగుణమును ఎవ్వరును గుర్తింపలేదు. 1965వ సంవత్సరమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున రోజెన్‌బర్గ్ పండితుడు సూక్ష్మజీవులపై విద్యుత్ప్రభావమును పరీక్షించుచు, అవి విభజన చెందక దారములవలె పొడవుగా సాగుట చూచెను. దానికి కారణము విద్యుత్తు కాదనియు, ప్లాటినపు పలకలనుండి కరిగివచ్చిన పదార్థమనియు తేలెను. 1978లో అమెరికా ప్రభుత్వము ఈ మందునకు అనుమతి నిచ్చెను. అంతకుముందు దేహమంతట వ్యాపించిన వృషణపు కాన్సరుతో పెక్కుమంది మరణించుచుండిరి. నేడు పెక్కుమంది స్వస్థులగుచున్నారు.

ఇంతటి మందు మూత్రపిండములకు శత్రువేల కావలెను? ఇది శరీరమును విడుచుట ప్రధానముగా మూత్రమార్గముననే. మూత్రపిండములలోని సూక్ష్మనాళికల కణములు దీనిని రక్తమునుండి లోనికి లాగుకొనును. అందుచే రక్తములోకంటె అచ్చట ఇది అనేక రెట్లు పేరుకొనును. పిదప మరింత తీక్ష్ణమైన విషముగా మారి, కణములకు శక్తినిచ్చు భాగములను చెరచి, వాపు పుట్టించి, తుదకు కణములనే చంపును. ఇల్లు శుభ్రము చేయువానికే విషము తగిలినట్లున్నది! నూటికి 20 నుండి 30 మందికి ఈ హాని ఎంతో కొంత కలుగుచున్నది. మెగ్నీషియము మూత్రముతో కొట్టుకొనిపోవుట మరియొక కీడు.

1970 తరువాతి తొలి సంవత్సరములలో ఈ హానివలననే ఈ మందును విడిచిపెట్టు పరిస్థితి యేర్పడెను. దానిని కాపాడినది ఏ అపూర్వౌషధమో కాదు, ఉప్పునీరు! మందునకు ముందును వెనుకను నరము ద్వారా లవణజలము ఎక్కించినచో, విషము పలుచబడి త్వరగా వెడలునని వైద్యులు కనుగొనిరి. నేటికిని అదియే ప్రధాన రక్షణ.

అయినను వైద్యునిపైననే భారము వేసి ఊరకుండరాదు. ప్రతి విడతకు ముందు రక్తములో క్రియాటినిన్, మెగ్నీషియము పరీక్షింపవలెను. క్రియాటినిన్ పెరుగునప్పటికే కొంత చెరుపు జరిగియుండునని మరువరాదు. వాంతులు ఆగకున్నను, మూత్రము తగ్గినను తత్‌క్షణమే ఆసుపత్రికి తెలుపవలెను. నొప్పి కొరకు అంగడిలో తోచిన మాత్ర కొని మ్రింగుట మిక్కిలి ప్రమాదకరము. వానిలో పెక్కు మూత్రపిండములకు కీడు చేయునవే. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమువంటి చోట్ల మూత్రపిండవ్యాధి ఇదివరకే ఇంటింట తిష్ఠవేసియున్నది. అట్టి ప్రాంతములవారు ఆ సంగతిని ముందుగానే వైద్యునికి చెప్పితీరవలెను. కార్బోప్లాటిన్ మూత్రపిండములను అంతగా బాధింపదు. కాని రక్తకణములను తగ్గించును, అన్ని కాన్సరులకును సమానముగా పనిచేయదు. ఎంపిక వైద్యునిదే.

మందును చూచి భయపడి మానుకొనుమని మేము చెప్పుటలేదు. మానినచో వ్యాధి ఊరకుండదు. తెలిసి వాడుడని మాత్రమే మా మనవి. రాచపుండును జయించి వచ్చిన మనుష్యుడు అజాగ్రత్తచే మూత్రపిండములను పోగొట్టుకొనుట కంటె శోచనీయమేమి కలదు?