అల్లుడిగా కాదు, తండ్రిగా రండి

మన ఇందుకూరుపేట మండలంలో, మైపాడు తీరాన ఉన్న పల్లెల్లోనైనా, పొలాల మధ్య ఊళ్లలోనైనా, తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. కబురు అందగానే అల్లుడు పండ్లు, స్వీట్లు పట్టుకొని వస్తాడు. బిడ్డను ఒకసారి ఎత్తుకొని, భోజనం చేసి వెళ్తాడు. మళ్లీ కనిపించేది ఆదివారమే. రొయ్యల గుంటల కాపలా, సముద్రం మీద వేట, పొలం పని మానుకోవడం కష్టమే. పైగా "పురిటిగదిలో మగవాళ్లకేం పని?" అనే మాట ఒకటి. కానీ బిడ్డకు అన్నిటికంటే ప్రమాదమైన కాలం మొదటి 28 రోజులు, అందులోనూ మొదటి వారం. ఆ రోజుల్లో తండ్రి చుట్టంలా ఉండిపోకూడదని మా మనవి.

ముందే చెప్పి ఉంచవలసిన మాట

పసిబిడ్డకు జబ్బు చేస్తే ఆలస్యానికి దూరం ఒక్కటే కారణం కాదు. "అల్లుణ్ణి అడిగి వెళ్దాం" అని ఆగడం కూడా కారణమే. అందుకే కాన్పుకు ముందే అత్తమామలతో చెప్పండి: "బిడ్డ ఏమాత్రం తేడాగా ఉన్నా నా కోసం ఆగవద్దు, వెంటనే బయలుదేరండి." కొంత డబ్బు వారి చేతికిచ్చి ఉంచండి. దగ్గరలోని ఆటో డ్రైవరు నంబరు గోడ మీద రాయండి. మన రాష్ట్రంలో 2005 నుంచి నడుస్తున్న 108 అంబులెన్సుకు డబ్బు కట్టనక్కరలేదు.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు:

- బిడ్డ పాలు తాగకపోవడం, మత్తుగా పడి ఉండడం
- నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం
- ఒళ్లు కాలిపోవడం లేదా చల్లబడిపోవడం
- ఫిట్స్ రావడం
- మొదటి రోజే పచ్చబడడం, తర్వాతైనా అరచేతులు, అరికాళ్లు పచ్చబడడం
- బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టడం

పెద్దవాళ్లతో మీరే మాట్లాడండి

పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా వద్దు. తేనె, చక్కెర నీళ్లు, గాడిదపాలు, ఆముదం, వస ఇవేవీ నోట్లో పెట్టకూడదు. బొడ్డుకు బూడిద, పసుపు రాయకూడదు, పొడిగా ఉంచితే చాలు. ముక్కులో, చెవుల్లో నూనె పోయకూడదు. సాంబ్రాణి పొగ, బీడీ పొగ బిడ్డ దరికి రాకూడదు. ఇవన్నీ పెద్దవాళ్లు ప్రేమతో చేసేవే. వారికి ఎదురు చెప్పే భారం బాలింత మీద వేయవద్దు. "డాక్టరమ్మ వద్దన్నారత్తయ్యా" అని మీరే మర్యాదగా చెప్పండి.

మీ చేతుల పని

గుంటల నుంచో, వల నుంచో వచ్చాక బట్టలు మార్చుకొని, సబ్బుతో చేతులు కడుక్కొని బిడ్డను ఎత్తుకోండి. పాలు తాగాక భుజాన వేసుకొని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. గుడ్డలు మార్చండి, ఉతకండి. రాత్రివేళ బిడ్డ ఏడిస్తే తల్లికి అందించండి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తల్లి ఒంటి వేడే రక్ష. తల్లి అలసినప్పుడు తండ్రి కూడా చొక్కా తీసి, బిడ్డను రొమ్ముకు ఆనించుకొని, పైన దుప్పటి కప్పుకోవచ్చు. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1970ల చివర కొలంబియా దేశంలోని బొగొటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది.

తల్లిని మరువకండి

పథ్యం పేరుతో బాలింత కడుపు మాడ్చవద్దు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప అన్నీ తినవచ్చు, దాహమైనన్ని నీళ్లు తాగవచ్చు. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రెండు వారాలు దాటినా దిగులు, ఏడుపు తగ్గకపోతే అది జబ్బే, చికిత్స ఉంది. ఆడపిల్ల పుట్టిందని ఆమెను ఒక్క మాట కూడా అనవద్దు. బిడ్డ ఆడో మగో నిర్ణయమయ్యేది తండ్రి బీజాన్ని బట్టే.

టీకాలు, కాగితాలు

బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా పుట్టగానే వేయించాలి. తర్వాతివి 6, 10, 14 వారాలకు. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. పుట్టింటి ఊరి ఆశాకు ముందే కబురు చెప్పండి. 21 రోజుల్లోపు జననం నమోదు చేయిస్తే రుసుము ఉండదు.

సువార్తల్లో యోసేపు పలికిన మాట ఒక్కటీ లేదు. కానీ బిడ్డకు అపాయమని తెలిసిన రాత్రే లేచి, తల్లీబిడ్డలను తీసుకొని ఐగుప్తుకు ప్రయాణమయ్యాడు. తెల్లవారనీ అనలేదు. మన ఇళ్లలోని ప్రతి కొత్త తండ్రికీ ఆ మెలకువను ప్రభువు అనుగ్రహించాలని మా ప్రార్థన.