మస్జిదు మెట్లు దిగిన తరువాత

ఛాందసులు అనే మాట మాబోటి మదరసా ఉపాధ్యాయులకు కొత్త కాదు. గడ్డమూ టోపీ కనబడగానే, వీరికి రాజకీయాలు పట్టవు, బజారు సంగతులు తెలియవు, ఆటలంటే గిట్టదు అని కొందరు ముందే తీర్మానించుకుంటారు. మనవారిలోనే మరికొందరు ధర్మం మస్జిదు గోడల మధ్య ఉంటే చాలునంటారు. ఓటూ, బేరమూ, ఆటా లోకవ్యవహారాలు, వాటిలో మౌల్వీ సాహెబుకు పనేమిటని అడుగుతారు. ఈ రెండు వర్గాలకూ మా సమాధానం ఒక్కటే. మనం రోజుకు అయిదుసార్లు మస్జిదు మెట్లు ఎక్కుతాము, అయిదుసార్లు దిగుతాము. దిగిన తరువాత గడిపే గంటలే ఎక్కువ. ఆ గంటల లెక్క కూడా అల్లాహ్ సన్నిధిలో చెప్పవలసినదే.

తిర్మిజీ గ్రంథంలోని ప్రసిద్ధమైన హదీసు ఒకటి పాఠకులకు తెలిసినదే. తీర్పుదినాన అయిదు విషయాలకు సమాధానం చెప్పనిదే మనిషి పాదాలు కదలజాలవని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆయుష్షును దేనిలో గడిపాడు, యౌవనాన్ని దేనికి ధారపోశాడు, ధనాన్ని ఎలా ఆర్జించాడు, దానిని దేనికి ఖర్చుచేశాడు, తెలిసిన దానిని ఎంతవరకు ఆచరించాడు అన్నవే ఆ అయిదు. వీటిలో రెండు ధనానికి సంబంధించినవి, ఒకటి ప్రత్యేకించి యౌవనానికి సంబంధించినది. అంటే బజారూ మైదానమూ ఆ ప్రశ్నపత్రంలో ముందే ఉన్నాయన్నమాట. మంచిచెడ్డలు తెలిసి కూడా మౌనం వహించినవాడు చివరి ప్రశ్న దగ్గర నిలబడిపోతాడు. ఓటు సంగతి అక్కడికి వస్తుంది.

ఓటు ఒక సాక్ష్యం

దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్‌లో ముఫ్తీగా పనిచేసిన హజ్రత్ మౌలానా ముఫ్తీ ముహమ్మద్ షఫీ ఓటును మూడు విధాలుగా వివరించారు. మొదటిది షహాదత్, అంటే ఈ వ్యక్తి ఈ బాధ్యతకు తగినవాడని సాక్ష్యమివ్వడం. రెండవది షఫాఅత్, అంటే అతని కోసం సిఫారసు చేయడం. మూడవది వకాలత్, అంటే మన తరఫున పనిచేయడానికి అతనిని నియమించడం. ఇంత బరువున్న విషయాన్ని మనం ఎంత తేలికగా తీసుకున్నామో చూడండి. 2023 నవంబరు 30న జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికలలో రాష్ట్రం మొత్తం మీద 70 శాతానికి పైగా ఓట్లు పోలయ్యాయి. హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురా నియోజకవర్గంలో అది 40 శాతానికి కూడా చేరలేదు. కారణాలు అనేకం ఉండవచ్చు. జాబితాలో పేరు లేకపోవడం, ఇల్లు మారినా చిరునామా మార్చుకోకపోవడం, ఎవరు గెలిచినా మన గల్లీ మురుగు మారదన్న నిస్పృహ. అయితే సాక్ష్యాన్ని దాచిపెట్టిన వాని హృదయం పాపభూయిష్టమైనదని బఖరా సూరా 283వ ఆయతు హెచ్చరిస్తున్నది. ఆ ఆయతు వచ్చినది అప్పుపత్రాల సందర్భంలోనే అయినా, సాక్ష్యం ఎక్కడైనా సాక్ష్యమే.

మరి ఎవరికి సాక్ష్యమివ్వాలి? ఇక్కడ కూడా దివ్యఖుర్ఆన్ మనలను చీకటిలో వదిలిపెట్టలేదు. ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యతను స్వీకరిస్తానన్నప్పుడు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) తనలోని రెండు గుణాలను పేర్కొన్నారు. ఒకటి కాపాడగలగడం, రెండవది తెలిసి ఉండడం. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన కుమార్తె కూడా రెండే గుణాలు చెప్పింది. అవి శక్తి, విశ్వసనీయత. ప్రజల సొమ్మును కాపాడతాడా? పని తెలిసినవాడేనా? భయపడకుండా నిలబడగలడా? మాట నిలుపుకుంటాడా? అభ్యర్థిని తూచడానికి ఈ నాలుగు ప్రశ్నలు చాలును.

మనవాడైతే చాలు, తక్కినది చూడనక్కరలేదనే వాదనను మేము అంగీకరించము. న్యాయం కోసం నిలబడవలసి వస్తే అది మనకూ, మన తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా సరే నిలబడమని నిసా సూరా 135వ ఆయతు ఆదేశిస్తున్నది. హిజ్రత్ ప్రయాణంలో ప్రాణాలే పణంగా ఉన్న ఘడియలో దైవప్రవక్త (స) దారి చూపడానికి కుదుర్చుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. కాని ఎడారి దారులు తెలిసినవాడు, నమ్మకస్తుడు. కాలువ తవ్వించడానికీ, బడికి పంతులును రప్పించడానికీ, ఆసుపత్రిలో మందులు ఉండేటట్లు చూడడానికీ నియమించే మనిషిలో మనం వెదకవలసినవి ఆ గుణాలే.

ఇక నోటుకు ఓటు. లంచం ఇచ్చేవానినీ తీసుకునేవానినీ ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారు. మన దేశ చట్టం కూడా ఇద్దరినీ నేరస్తులుగానే చూస్తుంది. ‘అది మా డబ్బే కదా, తీసుకుంటే తప్పేమిటి?’ అని కొందరు అడుగుతారు. సాక్ష్యాన్ని అమ్మిన తరువాత అయిదేళ్లపాటు ఏ ముఖంతో నిలదీయగలమన్నది మా ఎదురుప్రశ్న. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల పేర్లు ఫారం 6తో చేర్పించడం, ఇల్లు మారినవారు ఫారం 8తో సవరించుకోవడం, జాబితా వెలువడినప్పుడల్లా ఇంటిల్లిపాది పేర్లు సరిచూసుకోవడం పోలింగు రోజు ఆవేశం కన్నా ముందు చేయవలసిన పనులు. మన ఇళ్లలో ముదుసలి తల్లుల పేర్లలోనూ కోడళ్ల పేర్లలోనూ అచ్చుతప్పులు ఎక్కువ. ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి, ఆధార్‌లో మరొకటి. ఒక మధ్యాహ్నం కూర్చుని వాటిని సరిచేయించడం కూడా సేవే.

సంచీ నింపే ముందు

బజారును ఇస్లాం అసహ్యించుకోలేదు. ప్రవక్తలు బజారులలో తిరిగేవారని ఫుర్ఖాన్ సూరాలోనే ఉన్నది. మదీనాకు వట్టి చేతులతో వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగమిస్తానంటే, ఆయన దీవించి, బజారు ఎక్కడో చూపమన్నారు. కొద్దికాలంలోనే తన కష్టంతో నిలదొక్కుకున్నారు. మాకు అభ్యంతరం బజారు మీద కాదు, బజారు మన మీద చేసే స్వారీ మీదనే.

రమజాను ఆఖరి పది రాత్రులలో చార్మినారు, లాడ్ బజార్, పత్థర్‌గట్టీ, మదీనా చౌరస్తా వైపు వెళ్లినవారికి చెప్పనక్కరలేదు. వేయి నెలల కన్నా శ్రేష్ఠమైన రాత్రిని వెదకవలసిన వేళ మనం చున్నీకి సరిపోయే గాజులు వెదుకుతూ ఉంటాము. తరావీహ్‌లో తొలినాళ్ల వరుసలు పదిహేను ఉంటే, ఇరవయ్యవ రోజు దాటేసరికి నాలుగుకు దిగుతాయి. పండుగకు కొత్తబట్ట కట్టడం మంచిదే, పిల్లల ముచ్చట తీర్చడం పుణ్యమే. అయితే ఆ కొనుగోళ్లను షాబాను నెలలోనే ముగించుకోవడానికి అడ్డేమిటి? ధర తక్కువ, రద్దీ తక్కువ, రమజాను రమజానుగా మిగులుతుంది. దుకాణదారులకు కూడా ఒక మనవి. మీ కొట్టులో సహరీ దాకా నిలబడే కుర్రవాడు కూడా ఉపవాసియే. ఇఫ్తారుకూ నమాజుకూ అతనికి తీరిక ఇవ్వండి. పండుగకు ముందే కూలి చేతిలో పెట్టండి.

బేరం విషయంలో మరొక మాట. కొనేటప్పుడూ, అమ్మేటప్పుడూ, బాకీ అడిగేటప్పుడూ మెత్తగా ఉండేవానిపై అల్లాహ్ కరుణ కురవాలని దైవప్రవక్త (స) ప్రార్థించిన హదీసు బుఖారీలో ఉన్నది. మనం ఏసీ దుకాణంలో అట్టముక్క మీద రాసిన ధరకు నోరెత్తకుండా చెల్లిస్తాము. తోపుడుబండి వాని దగ్గర పది రూపాయల కోసం పావుగంట వాదిస్తాము. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు వెనుక కుంపటి ముందు కూర్చుని వేడి లక్కను చుట్టి, రాళ్లు పొదిగే చేతులు ఉన్నాయి. ఆ చేతులలో మన ఆడపడుచులవి ఎన్నో ఉన్నాయి. బేరం ఆడవచ్చు. కాని వారి కూలిని మింగేటంత బేరం ఆడకూడదు. అమ్మేవారు కూడా ముతఫ్ఫిఫీన్ సూరాను మరవరాదు. తూకంలో తగ్గించేవారికి వినాశం తప్పదని ఆ సూరా మొదటి ఆయతులోనే ఉన్నది. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుని ముందు దైవప్రవక్త (స) ఆగి, మోసగించేవాడు తన వర్గంలోనివాడు కాడని ప్రకటించారు.

ఇప్పుడు బజారు మన దిండు కిందికే వచ్చింది. అర్ధరాత్రి ఫోనులో వేలితో ఒక్క తాకుతో వస్తువు బయలుదేరుతుంది, అప్పు కూడా బయలుదేరుతుంది. వాయిదాలపై కొనడం గురించి మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. ఒప్పందం నాడే మొత్తం ధర ఖరారై, అది మారకుండా ఉంటే, రొక్కం ధర కన్నా ఎక్కువైనా అధిక సంఖ్యాక ఫుఖహాలు అనుమతించారు. గడువు దాటిన కొద్దీ పెరిగే మొత్తం మాత్రం వడ్డీయే. క్రెడిట్ కార్డు బాకీ నెలాఖరుకు మిగిలిందంటే ఆ ఊబిలో కాలు పెట్టినట్లే. సందేహం ఉన్నవారు కాగితాలు తీసుకుని దగ్గరలోని ముఫ్తీ సాహెబును కలవండి. కాగితం చూడకుండా చెప్పిన జవాబు కన్నా చూసి చెప్పిన జవాబు మేలు.

పెళ్లి కొనుగోళ్ల మాట ఎత్తకుండా ఈ భాగాన్ని ముగించలేము. జహేజు సామానూ, ‘జోడే కీ రఖమ్’ అనే పేరుతో తీసుకునే నగదూ ఎన్నో ఇళ్లను అప్పులలో ముంచాయి. మహర్ ఇచ్చి పెళ్లాడమన్న ధర్మంలో పుట్టి, కట్నం పుచ్చుకుని పెళ్లాడేవారు సంప్రదాయం పేరు ఎత్తరాదు. అది మన సంప్రదాయం కాదు. అసలైన సంప్రదాయవాది వరుడై ఉంటే, వధువు తండ్రి గుమ్మంలో ఫ్రిజ్జు ధర గురించి మాట్లాడడు.

మైదానంలో మన పిల్లలు

ఆటలను మేము వ్యతిరేకిస్తామనుకునేవారు సీరత్ గ్రంథాలు తెరవాలి. దైవప్రవక్త (స) గుర్రపు పందేలు ఏర్పాటు చేయించారు. మల్లయోధుడైన రుకానాతో కుస్తీపట్టి పడగొట్టారు. హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం పెట్టుకున్నారు, ఒకసారి ఓడారు, మరొకసారి గెలిచారు. పండుగనాడు హబషీలు మస్జిదె నబవీలోనే ఈటెలతో ఆడుతుంటే ఆమె చూసేందుకు ఆయనే అడ్డుగా నిలబడ్డారు. బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కన్నా అల్లాహ్‌కు ప్రియుడని ముస్లిం గ్రంథంలోని హదీసు. ఇక ఆడవద్దని చెప్పడానికి మేమెవరము?

మన హైదరాబాదుకు ఈ విషయంలో గొప్ప వారసత్వం ఉన్నది. నిజాం కాలపు అరబ్బు సైనికుల వంశీకులు ఉండే బార్కస్‌లో కుస్తీ తాలీములు నేటికీ ఉన్నాయి. బడిపంతులుగా జీవితం ప్రారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణాన్ని సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించే నాటికి రహీం సాహెబు క్యాన్సరుతో బాధపడుతున్నారు. మరుసటి ఏడాది జూనులో ఆయన కన్నుమూశారు. ఆ స్వర్ణజట్టులో అన్ని మతాలవారూ, అన్ని ప్రాంతాలవారూ ఉన్నారు. వారిని ఒకే క్రమశిక్షణలో నడిపినవాడు ఒక ఉపాధ్యాయుడు. యౌవనాన్ని దేనికి ధారపోశావన్న ప్రశ్నకు అటువంటి మైదానంలో చెమటోడ్చిన పిల్లవాడు చెప్పుకోదగ్గ సమాధానం ఉంటుంది.

ఇప్పుడు పిల్లవాని చేతిలో బంతి లేదు, ఫోను ఉన్నది. ఆడేవాడు ఎక్కడో ఆడతాడు, వీడు ఇక్కడ ప్రతి బంతికీ పందెం కాస్తాడు. మద్యాన్నీ జూదాన్నీ ఒకే ఆయతులో షైతాను పనులుగా పేర్కొని వాటికి దూరంగా ఉండమని మాయిదా సూరా 90వ ఆయతు ఆజ్ఞాపించింది. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025లో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా దొంగదారులు మూసుకుపోలేదు. మొదట జేబు ఖర్చు, తరువాత స్నేహితుని దగ్గర అప్పు, ఆ తరువాత తల్లి పుస్తెలు లేదా చెల్లెలి కమ్మలు. ఇది చట్టం ఒక్కదానితో ఆగేది కాదు. కుర్రవాడు రాత్రి రెండింటికి మేలుకుని ఏమి చూస్తున్నాడో తండ్రికి తెలిసి ఉండాలి. మందలించే ముందు వాడి బాకీ ఎంతో అడిగే ధైర్యం కూడా తండ్రికి ఉండాలి. భయంతో దాచిన అప్పు ఒప్పుకున్న అప్పు కన్నా ప్రమాదకరం.

పిల్లలను మైదానానికి పంపమనే చెబుతాము. అయితే మూడు షరతులు మరవవద్దు. అజాన్ వినబడితే ఆట ఆగాలి. మగపిల్లల దుస్తులు నాభి నుండి మోకాలి వరకు కప్పాలి. నోటి నుండి బూతు రాకూడదు. రమజాను రాత్రులలో దీపాల వెలుగులో క్రికెట్ పోటీలు పెట్టే యువకులు తరావీహ్ ముగిసిన తరువాత పెట్టుకుని, ఫజ్ర్ జమాఅత్‌ను పోగొట్టుకోకుండా ఉంటే మా దీవెనలు వారికే. ఆడపిల్లలకు కూడా ఆరోగ్యం ఉన్నది. వారికి పరదా పాటిస్తూ ఆడుకునే చోటూ వేళా కల్పించమని పాఠశాలలనూ వార్డు సభ్యులనూ అడగవలసిన బాధ్యత తండ్రులది. గల్లీలోని ఖాళీ స్థలాలు ఒక్కొక్కటిగా ఫంక్షన్ హాళ్లుగా మారుతున్నప్పుడు మనం నోరు విప్పలేదు. ఇక ఆట తగ్గిందని పిల్లలను నిందించి లాభమేమిటి? మైదానం ఎవరు కాపాడతారన్నది కూడా ఓటు వేళ అడగవలసిన ప్రశ్నే. ఖాళీ స్థలం పెళ్లి మందిరమయ్యేది మన ఆడంబరపు కొనుగోళ్ల వల్లనే అని గుర్తిస్తే, ఈ మూడు విషయాలూ విడివిడివి కావని తెలుస్తుంది.

సంప్రదాయవాది అంటే పాతదంతా పట్టుకుని వేలాడేవాడు కాడు. తన చేతిలో ఉంచిన అమానత్‌ను చెడకుండా తిరిగి అప్పగించేవాడు. ఓటు అమానత్, సొమ్ము అమానత్, పిల్లవాని వయసు అమానత్. ఈ మాసంలో ప్రతి ఇంటా ఒక రాత్రి భోజనానంతరం పెద్దలూ పిన్నలూ కలిసి కూర్చుని మూడు పనులు చేయవలసిందిగా మా మనవి. ఓటరు జాబితాలో పేర్లు సరిచూడండి. ఇంటి మీద ఉన్న బాకీలన్నీ కాగితం మీద రాయండి. పిల్లలు ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో ఆడుతున్నారో కోపం లేకుండా అడగండి.

అమానతులను అర్హులకు అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆ అయిదు ప్రశ్నల దగ్గర మన పాదాలను తడబడకుండా నిలుపుగాక! ఆమీన్.